సైకిల్ ఫ్రేముకు స్టీలు పైపు ఎంచుకోవడం ఎలా: ముందు వ్యాసం, తర్వాత మందం, ఆఖర్న స్టీలు పేరు

సైకిల్ షాపులో ట్యూబు కావాలంటే గాలి కొట్టే ట్యూబు చేతిలో పెడతారు. ఫ్రేము కట్టడానికి కావాల్సింది పైపు. దానికోసం కర్నూల్లోనో, అనంతపురంలోనో, కడపలోనో ఇనుప సామాన్ల షాపుకు వెళ్తే మొదట అడిగేది "ఎన్ని అంగుళాలు, ఎంత గేజు?" అనే. స్టీలు ఏ రకమని ఎవరూ అడగరు. ఆ అడిగే వరసే సరైన వరస. ముందు వ్యాసం, తర్వాత గోడ మందం, చివర్లో స్టీలు రకం. కొత్తగా ఫ్రేము కట్టాలనుకునేవాళ్ళు చాలామంది దీన్ని తిరగేసి, క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన స్టీలు) అనే పేరు పట్టుకుని వెతకడం మొదలుపెడతారు. అక్కడే డబ్బు పోతుంది.

బరువెంత, అతికేదెవరు

షాపుకు వెళ్ళకముందే రెండు సంగతులు కాగితం మీద రాసుకోండి.

ఒకటి, సైకిలు మోసే బరువు. మనిషి ఒక్కడే తొక్కే సైకిలు వేరు, వెనక రెండు పక్కలా 20 లీటర్ల పాలక్యాన్లు తగిలించే సైకిలు వేరు. పాలూ క్యాన్లూ కలిపితే వెనక చక్రం మీద 45 కిలోలకు పైగా అదనంగా పడుతుంది. ఆ బరువు సైకిలు మలుపు తిరిగిన ప్రతిసారీ ఫ్రేమును మెలిపెడుతుంది. ఊళ్ళల్లో కనబడే డబుల్ బార్ సైకిళ్ళకు పైన రెండు పైపులు పెట్టింది ఇలాంటి బరువుల కోసమే.

రెండు, అతుకు. నా లెక్కలో పైపు మందాన్ని తేల్చేది ఇదే. గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో ఉండేది ఎక్కువగా ఆర్క్ మిషను, 2.5 మి.మీ. లేదా 3.15 మి.మీ. రాడ్డు. దాంతో 2 మి.మీ. కంటే పల్చని పైపు అతికితే బొక్క పడుతుంది. ఆ బొక్కను మళ్ళీ రాడ్డుతో పూడ్చి, గ్రైండరుతో నున్నగా చేసి ఇస్తారు. పైకి బాగుంటుంది, లోపల చిట్టెం చిక్కుకుని ఉంటుంది, ఏడాది తిరక్కముందే అక్కడే చీలుతుంది. సీఓటూ వెల్డింగులో 0.8 మి.మీ. తీగ వాడేవాళ్ళుంటే 1.2 మి.మీ. పైపు దాకా నమ్మొచ్చు. టిగ్ (ఆర్గాన్ గ్యాసు చాటున చేసే వెల్డింగు) మీద చెయ్యి తిరిగిన మనిషి దొరికితే 0.9 మి.మీ. దాకా దిగొచ్చు. గ్యాసుతో ఇత్తడి బ్రేజింగు, అంటే పైపును కరిగించకుండా ఇత్తడిని కరిగించి అతకడం, చేసేవాళ్ళుంటే మన జిల్లాల్లో అదే అన్నిటికంటే నమ్మకమైన దారి. ఇత్తడి సుమారు 880 డిగ్రీల దగ్గర కరుగుతుంది, స్టీలు కరగడానికి 1,400 దాటాలి. కాబట్టి పైపు కరిగి బొక్కపడే ప్రమాదం చాలా తక్కువ.

అతికేవాళ్ళు ఖాయమయ్యేదాకా పైపు కొనకండి.

వ్యాసం

పైపు వంగకుండా నిలబడే గుణాన్ని బిగువు అనుకుందాం. గోడ మందం రెట్టింపు చేస్తే బిగువు ఇంచుమించు రెట్టింపవుతుంది. వ్యాసాన్ని రెట్టింపు చేస్తే ఎనిమిది రెట్లవుతుంది. అందుకే ముందు వ్యాసం చూడమనేది.

లెక్క చూడండి. 25.4 మి.మీ. వ్యాసం, 1.6 మి.మీ. మందం ఉన్న పైపు మీటరుకు 940 గ్రాములు తూగుతుంది. 31.8 మి.మీ. వ్యాసం, 0.9 మి.మీ. మందం ఉన్నది 685 గ్రాములే తూగుతుంది. అయినా ఈ రెండోదే వంగడానికీ మెలి తిరగడానికీ ఇంచుమించు 23 శాతం ఎక్కువ బిగువు చూపిస్తుంది.

పాత తరహా సైకిలు ఫ్రేములో పై పైపు 25.4 మి.మీ., అంటే సరిగ్గా అంగుళం. కింది పైపు, సీటు పైపు 28.6 మి.మీ., అంటే అంగుళం మీద ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు). ఇప్పటి స్టీలు ఫ్రేముల్లో పై పైపు 28.6, కింది పైపు 31.8 వాడతారు. 31.8 అంటే ఒకటింబావు అంగుళం. బరువులు మోసే సైకిలుకూ, గుంతల దారుల్లో తొక్కే సైకిలుకూ ఈ రెండో కొలతే తీసుకోండి. సామాను ఎక్కువైతే పై పైపు కూడా 31.8 చేయండి. బరువు వేసినప్పుడు హ్యాండిలు పాములా ఊగడం తగ్గేది పై పైపు, కింది పైపు రెండూ మెలి తిరగకుండా ఉన్నప్పుడే.

ఫర్నిచర్ పైపులమ్మే షాపుల్లో అంగుళం, ఒకటింబావు, ఒకటిన్నర సులువుగా దొరుకుతాయి. 28.6 అరుదు. దొరక్కపోతే 31.8 వైపు వెళ్ళండి, 25.4కు దిగకండి. లేదా పాత సామాన్ల కొట్లో వంకర పోని పాత సైకిలు ఫ్రేము వెతకండి. అందులో కింది పైపు, సీటు పైపు 28.6 ఉండే అవకాశం ఎక్కువ.

ఇక్కడే ఒక పెద్ద మోసం జరుగుతుంది, అమ్మేవాడి తప్పు కూడా కాదు. నీళ్ళ పైపును లోపలి రంధ్రం లెక్కన పిలుస్తారు. నీళ్ళ పైపుల్లో "అంగుళం" అంటే బయటి వ్యాసం 33.7 మి.మీ., "ముప్పావు" అంటే 26.9, "అర" అంటే 21.3. సైకిలు లగ్గుల్లో (పైపు చివర్లు దూర్చి అతికే జాయింట్లు) ఇవేవీ కూర్చోవు. "బయటి కొలత అంగుళం, ఫర్నిచర్ పైపు" అని విడమరిచి అడగండి. వ్యాసం, మందం కొలిచే వెర్నియర్ వెంట తీసుకెళ్ళండి.

జీఐ పైపు (జింకు పూత పూసింది) మాత్రం ముట్టుకోకండి. దాని మీది జింకు 907 డిగ్రీలకు ఆవిరవుతుంది. ఆ తెల్లపొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. అతుకులో చేరిన జింకు దాన్ని బుడగలు బుడగలుగా చేస్తుంది. పైపూత గీకేసినా లోపలి పూత అలాగే ఉంటుంది.

గోడ మందం

షాపులో మందాన్ని గేజుల్లో చెబుతారు. 14 గేజు సుమారు 2 మి.మీ., 16 గేజు 1.6, 18 గేజు 1.2, 20 గేజు 0.9. అంకె పెరిగేకొద్దీ పైపు పల్చబడుతుంది.

మామూలు స్టీలుతో ఎవరికైనా చెప్పేది 18 గేజు. పాలక్యాన్లు, వేరుశనక్కాయల మూటలు మోసే సైకిలుకు కింది పైపు మాత్రం 16 గేజు పెట్టండి. ఫ్రేము మొత్తం 14 గేజులో చేయించుకునేవాళ్ళున్నారు. ఆర్క్ వెల్డింగు తప్ప గతి లేనప్పుడు తప్ప అది బరువు పెంచడమే.

సుమారు 170 సెం.మీ. ఎత్తు మనిషికి పై పైపు 560 మి.మీ., కింది పైపు 630, సీటు పైపు 550 అనుకోండి. పైదీ సీటుదీ 28.6, కిందిది 31.8 వ్యాసంతో ఈ మూడూ కలిపి 16 గేజులో 1.93 కిలోలు, 18 గేజులో 1.47, 20 గేజులో 1.11. పల్చనిదానికీ మందందానికీ మధ్య తేడా 820 గ్రాములు. మనిషి ఒక్కడే దూరాలు తొక్కే సైకిలుకు ఇది లెక్కలోకి వస్తుంది. 45 కిలోల పాలు మోసేదానికి రాదు.

పల్చదనానికి హద్దుంది. వ్యాసాన్ని మందంతో భాగిస్తే 50 దాటకుండా చూసుకోండి. 31.8ని 0.9తో భాగిస్తే 35, నిశ్చింత. 0.5తో భాగిస్తే ఇంచుమించు 64. గోడకు ఆనించిన సైకిలు పక్కకు జారి రాయి మీద పడితే చాలు, పైపు సొట్ట పడుతుంది.

చివర్లలో మందంగా, నడుమ పల్చగా ఉండే బటెడ్ పైపులున్నాయి. ఇంగ్లండులో రేనాల్డ్స్ వాళ్ళు 1897లో పేటెంటు తీసుకున్న పద్ధతి అది. 0.9, 0.6, 0.9 అని రాసుంటే అతుకు పడే చివర్లు 0.9, నడుమ 0.6 అని. అలాంటివి తెప్పిస్తే ఒక్కటి గుర్తుంచుకోండి: మందం భాగం ఏ చివర ఎంత పొడవుందో కొలిచి, పొడవున్న వైపు నుంచే కోయాలి. పల్చని నడుమ భాగంలో అతుకు పడితే ఆ పైపు కొన్నందుకు ఫలం లేదు. మొదటి ఫ్రేముకు బటెడ్ జోలికి వెళ్ళకండి.

స్టీలు రకం

ఇప్పుడు క్రోమోలీ సంగతి. మామూలు స్టీలైనా, 4130 క్రోమోలీ అయినా, ఏ పేరు పెట్టిన స్టీలైనా, కొలతలు ఒకటే అయితే బిగువు ఒకటే, బరువూ ఒకటే. తేడా బలంలో. ఎంత ఒత్తిడి దాకా వంగి తిరిగి యథాస్థితికి వస్తుందో, ఎక్కడి నుంచి వంగినచోటే ఉండిపోతుందో ఆ హద్దులో తేడా. మామూలు స్టీలుకు ఆ హద్దు 210 నుంచి 250 మెగాపాస్కల్స్ (ఒత్తిడి కొలత), నార్మలైజ్ చేసిన, అంటే కాల్చి గాలికి చల్లార్చిన, 4130కి సుమారు 430. అంటే క్రోమోలీతో గోడను పల్చన చేసుకోవచ్చు, అంతే. 1.6 మి.మీ. క్రోమోలీ కొంటే ఖర్చు తప్ప మామూలు సైకిలుకు మిగిలేదేమీ లేదు. 1.2 మామూలు స్టీలు పైపు, అదే వ్యాసంలో 0.9 క్రోమోలీ పైపు కంటే బిగువులో సుమారు మూడోవంతు ఎక్కువే.

మీ ముందున్నవి మూడు రకాలు.

ఈఆర్‌డబ్ల్యూ అంటే స్టీలు రేకును గుండ్రంగా చుట్టి, అంచులు కరిగించి అతికిన పైపు. ఫర్నిచర్ పైపంతా ఇదే. లోపల నిలువునా ఒక గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. పై పైపుకూ కింది పైపుకూ ఇబ్బంది లేదు. కానీ ఆ గీతను ఫ్రేములో పైకో కిందికో కాకుండా పక్కకు వచ్చేలా పెట్టండి. బరువుకు పైపు వంగినప్పుడు పై, కింది భాగాల మీద ఒత్తిడి ఎక్కువ, పక్కల మీద తక్కువ.

సీఈడబ్ల్యూ అదే పైపును మళ్ళీ చల్లగానే అచ్చులోంచి లాగింది. లోపల గీత నునుపవుతుంది, కొలత కచ్చితంగా ఉంటుంది, బలమూ పెరుగుతుంది. దొరికితే ఈఆర్‌డబ్ల్యూ కంటే ఇదే తీసుకోండి. సైకిలు, రిక్షా పైపులకు మన దేశంలో ఐఎస్ 2039 అనే ప్రమాణం ఉంది. ఆ ముద్ర ఉన్న పైపైతే ఇంకా మంచిది. చెన్నై దగ్గర ఆవడిలో ట్యూబ్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1955 నుంచి స్టీలు పైపులు చేస్తోంది.

మూడోది 4130 క్రోమోలీ. ఇది మన ఊళ్ళ షాపుల్లో దొరికేది కాదు. కర్నూలు వాళ్ళకు సికింద్రాబాద్ రాణీగంజ్, అనంతపురం వాళ్ళకు బెంగళూరు ఎస్‌జేపీ రోడ్డు, కడప వాళ్ళకు చెన్నై అందుబాటు. అక్కడ "క్రోమ్ మోలీ" అని అడిగితే బాయిలర్లకు వాడే టీ11, టీ22 రకాల పైపులు చూపించొచ్చు. వాటిలోనూ క్రోమియం, మాలిబ్డినం ఉంటాయి, అబద్ధమేమీ కాదు. కానీ అవి వేడిని తట్టుకోడానికి చేసినవి. వాటి కనీస బలం హద్దు 205 మెగాపాస్కల్సే, మామూలు స్టీలంతే. మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ అడగండి. అందులో కార్బన్ 0.28 నుంచి 0.33 శాతం, క్రోమియం 0.8 నుంచి 1.1, మాలిబ్డినం 0.15 నుంచి 0.25 ఉండాలి. పైపు మీది హీట్ నంబరు (ఏ దఫాలో పోసిన స్టీలో చెప్పేది), కాగితం మీది నంబరు ఒకటే కావాలి. కాగితం ఇవ్వకపోతే దాన్ని మామూలు స్టీలు కిందే లెక్కగట్టి, 1.2 మి.మీ. మందానికి తక్కువ కాకుండా వాడండి.

సీటు పైపు, హెడ్డు పైపు, వెనక కాళ్ళు

సీటు పైపును పైపు చూసి కాదు, సీటు రాడ్డు చూసి కొనాలి. 28.6 వ్యాసంలో 20 గేజు తీసుకుంటే లోపల 26.8, 18 గేజైతే 26.2. ఆ కొలత సీటు రాడ్డు దొరుకుతుందని చూసుకున్నాకే పైపు కొనండి. 31.8లో 16 గేజైతే లోపల 28.6 వస్తుంది, 27.2 సీటు రాడ్డుకు 28.6 షిమ్ము (సందు నింపే పల్చని గొట్టం) వేసి బిగించొచ్చు. ఈఆర్‌డబ్ల్యూ అయితే లోపలి గీత సీటు రాడ్డుకు అడ్డం పడుతుంది. పై 150 మి.మీ. రీమరుతోనో గుండ్రని ఆకురాయితోనో నునుపు చేయాలి. ఆ గీత ఉన్నచోట సీటు బిగింపు చీలిక కోయకండి.

హెడ్డు పైపు, అంటే ఫోర్కు రాడ్డు తిరిగే ముందు పైపు, దగ్గర తప్పులు ఎక్కువ. అంగుళం మీద నూలు ఫోర్కు రాడ్డుకు సరిపోయే మామూలు హెడ్‌సెట్ కప్పులు (బేరింగులు కూర్చునేవి) 34.1 మి.మీ. ఉంటాయి. ఒకటిన్నర అంగుళం 14 గేజు పైపు లోపల 34.04 వస్తుంది. దగ్గరగా ఉంది కదా అని తీసుకుంటారు. కప్పు బిగుతు చాలకుండా దిగిపోతుంది, నెలలోపే లొడలొడ మొదలవుతుంది. కప్పు బిగుతుగా కూర్చోవాలంటే రంధ్రం దానికంటే 0.1 నుంచి 0.2 మి.మీ. తక్కువుండాలి. కాబట్టి 12 గేజు, అంటే 2.64 మి.మీ. మందం తీసుకోండి. లోపల 32.8 ఉంటుంది. లేతు మీద 33.7 దాకా తీయించి, ఫ్రేము అతికాక చివరి కొలతకు తీయించండి. అతుకు వేడికి హెడ్డు పైపు ఎంతో కొంత కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. ముందే పూర్తి కొలతకు తీసుంటే సరిదిద్దడానికి లోహం మిగలదు. పొడవు కూడా రెండు చివరలా 2 మి.మీ. ఎక్కువ ఉంచండి.

వెనక చక్రం వైపు పోయే కింది జత 22.2 మి.మీ. వ్యాసం, 18 గేజు. సీటు దగ్గర నుంచి దిగే పై జత 16 మి.మీ., 18 గేజు. వెనక సంచులు, క్యాన్లు పెట్టేవాళ్ళు కింది జతను 460 మి.మీ. దాకా పొడవుంచితే మడమ సామానుకు తగలదు. టైరు కోసం నొక్కాల్సి వస్తే లోతుగా ముడత పడేలా నొక్కకండి, అక్కడే విరుగుతుంది. పెడల్ ఇరుసు తిరిగే షెల్లు 68 మి.మీ. వెడల్పుది, మర వేసింది రెడీమేడ్ కొనండి.

ఫోర్కు కూడా కొనండి. ఇంట్లో చేసిన ఫ్రేము విరిగితే చాలాసార్లు ముందే మూలుగు వినిపిస్తుంది. ఫోర్కు రాడ్డు విరిగితే మనిషి తలకిందులుగా పడతాడు.

షాపులో, ఇంటి దగ్గర పరీక్షలు

తూకం వేయించండి. గేజు మోసం బయటపడేది అక్కడే. వ్యాసంలోంచి మందం తీసేసి, వచ్చినదాన్ని మళ్ళీ మందంతో, తర్వాత 0.02466తో గుణిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. అంగుళం 16 గేజు 6 మీటర్ల పైపు 5.6 కిలోలుండాలి. 5 కిలోలే తూగితే ఆ గోడ 1.4 మి.మీ. మాత్రమే. కోసిన చివర వెర్నియర్ పెడితే అంచు మడత మోసం చేస్తుంది, తూకం చేయదు.

సొట్టలు, తుప్పు గుంటలు చూడండి. ఎర్రటి పైపొర ఎమరీ కాగితంతో పోతుంది, ఫరవాలేదు. గోరు దిగే గుంటలుంటే వద్దు. సెల్‌ఫోను లైటు ఒక చివర పెట్టి రెండో చివర నుంచి లోపల చూడండి.

వంకర చూడ్డానికి మన దగ్గర ఉన్నంత మంచి సాధనం ఎక్కడా లేదు. పాలిష్ చేసిన కడప బండ ఒకటి తెచ్చి నాలుగు వైపులా ఆనించి పెట్టండి. పైపును దాని మీద దొర్లించి వెనక నుంచి లైటు వేస్తే వెలుతురు దూరే చోటు కనబడుతుంది. 600 మి.మీ. పొడవులో 0.3 మి.మీ. ఫీలర్ గేజు (సందు కొలిచే పల్చని రేకు) దూరకపోతే ఆ పైపు మంచిదే. ఫ్రేము అతికాక వంకర చూసేటప్పుడూ ఆ బండే పనికొస్తుంది. కొనేటప్పుడు రెండు వికర్ణాలకూ స్టీలు స్కేలు అంచు నిలబెట్టి చూసి, కింద వెలుతురు రాని బండే ఏరుకోండి.

ఈఆర్‌డబ్ల్యూ అయితే నలగ్గొట్టే పరీక్ష తప్పనిసరి. 50 మి.మీ. ముక్క కోసి, లోపలి గీత పక్కకు వచ్చేలా వైసులో పెట్టి నొక్కండి. గోడలు రెండూ దగ్గరయ్యేదాకా నొక్కినా గీత నోరు తెరవకపోతే తీసుకోవచ్చు. తెరిస్తే ఆ కట్టలోని పైపులన్నీ వదిలేయండి.

పైపు 6 మీటర్లు వస్తుంది. బస్సులో పంపడానికి ముక్కలు చేయించేటప్పుడు ప్రతి పైపుకూ కావాల్సినదానికంటే 40 మి.మీ. ఎక్కువ ఉంచండి, చివర్లు చేప నోరులా కోయడానికి. పైన ఇంకో 300 మి.మీ. తీసుకోండి, నమూనా అతుకు కోసం.

నమూనా అతుకు

అదే పైపులో 100 మి.మీ. ముక్కలు రెండు కోసి, ఒకదాని చివర చేప నోరులా రాకి, రెండోదానికి అడ్డంగా నిలబెట్టి అతికించండి. సందు 0.2 మి.మీ. దాటకూడదు. చివరి 20 మి.మీ. లోపలా బయటా తెల్లగా మెరిసేలా రుద్దాలి. నల్లపొర ఉంటే ఇత్తడి పాకదు. మూసుకుపోయే పైపుకు 3 మి.మీ. గాలి రంధ్రం వేయండి, లేకపోతే లోపలి గాలి వేడికి ఉబ్బి కరిగిన లోహాన్ని బయటికి తోస్తుంది.

అనంతపురం వైపు గాలి ఎక్కువ. టిగ్ చేస్తుంటే ఆర్గాన్ ఎగిరిపోయి అతుకు సన్నరంధ్రాలతో నిండుతుంది, తలుపులు మూసి చేయించండి. వేడి మీద నీళ్ళు పోయనివ్వకండి. మామూలు స్టీలు ఓర్చుకుంటుంది, క్రోమోలీ పెళుసైపోతుంది. దానంతటదే చల్లారాలి.

చల్లారాక ముక్కను వైసులో బిగించి, నిలబడిన పైపుకు మీటరు పొడవు పైపు తొడిగి లాగండి. పైపే ముడుచుకుపోయి అతుకు చెక్కుచెదరకపోతే ఆ చేతికి మీ ఫ్రేము ఇవ్వొచ్చు. అతుకు తొక్కలా లేచిపోతే వేడి చాలలేదు లేదా శుభ్రం చేయలేదు. అతుకు పక్కన పైపు గీత గీసినట్టు తెగితే వేడి ఎక్కువైంది, లేదా అంచు దగ్గర పైపును కోసుకుపోయారు. గ్రైండరుతో నునుపు చేస్తూ గోడను అరగదీసినా అలాగే తెగుతుంది. అలాంటప్పుడు మనిషిని మార్చండి, లేదా పైపును ఒక గేజు మందం చేయండి.

ఫ్రేము పూర్తయ్యాక, బ్రేజింగులో పూసిన ఫ్లక్సు పోయేలా వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టి, గాలి రంధ్రాల్లోంచి అవిసె నూనె పోసి అన్ని వైపులా తిప్పండి. షెల్లు అడుగున 5 మి.మీ. రంధ్రం ఉంచండి, దూరిన వాననీరు పోవడానికి.

మొదటి 100 కిలోమీటర్ల తర్వాత మూడు చోట్ల రంగు చూడండి: హెడ్డు పైపు కింద కింది పైపు అడుగుభాగం, చైను వైపు వెనక పైపు షెల్లుకు తగిలే చోటు, సీటు బిగింపు చీలిక చివర. వెంట్రుకంత గీత కనబడితే రంగు గీకి చూడండి. లోహంలోనూ గీత ఉంటే సైకిలు ఆపేయండి. దాని మీదే ఇంకో వెల్డింగు పోయించకండి. ఆ పైపును తీసేసి, ఒక గేజు మందంది వేయాలి.